ఆ బంతి స్ట్రైకే

పల్నాటి పాఠాలు - 23



ఇంటర్నల్ మార్కుల గురించి రాయమని పిల్లలు మూడు వారాలుగా అడుగుతున్నారు. రాస్తానని మాటిచ్చా. ఇవాళ అదే రాస్తున్నా. కాకపోతే కొంచెం చుట్టు తిరిగి, సాఫ్ట్‌బాల్ గ్రౌండ్ మీదుగా వస్తా. పోయిన నెల ఆ గ్రౌండ్‌లో నేనొక తప్పు చేశా. అది ఒప్పుకోకుండా ఇంకొకళ్ళ మార్కుల గురించి రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు.

యూనివర్సిటీ అమ్మాయిల జట్టు ఎంపిక కోసం నరసరావుపేటలో ఒక మ్యాచ్ పెట్టారు. నాలుగైదు కాలేజీల పిల్లల్ని కలిపి రెండు జట్లు చేశారు. ఎంపిక చేసేవాళ్ళు షామియానా కింద కుర్చీలేసుకుని కూర్చున్నారు. ప్లేట్ అంపైర్‌గా రావాల్సిన మనిషి రాలేదు. మా పీడీ సార్ స్టాఫ్ రూముకొచ్చి, "మేడం, హాస్టల్లో వున్నప్పుడు క్యాచర్‌గా ఆడానన్నారు గదా. ఈ ఒక్క మ్యాచ్‌కి ప్లేట్ వెనక నిలబడండి" అన్నారు.

నిజమే, ఆడా. సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిది, పది చదివేటప్పుడు ఆడా. మా స్కూలుకి క్రికెట్ కిట్ కొనే స్తోమత లేదు. ఎవరో ఇచ్చిపోయిన రెండు బ్యాట్లు, ఆరు గ్లవ్స్, నా మొహానికి రెండింతలుండే ఒక మాస్క్ వున్నాయి. అవే మా సాఫ్ట్‌బాల్. బంతికి భయపడదని నన్ను క్యాచర్ని చేశారు. తెలుగులో పీహెచ్‌డీ చేసి, పద్యాలు, ప్రబంధాలు చెప్పుకుంటూ ఆ ఆట సంగతే మర్చిపోయా. పీడీ సార్ అడిగేసరికి లోపల చిన్నపిల్ల లేచి నిలబడింది. సరేనన్నా.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కి చెల్లెలు. 1887లో షికాగోలో పుట్టింది. మొదటిసారి ఆడినప్పుడు బంతి బదులు బాక్సింగ్ గ్లవ్, బ్యాట్ బదులు చీపురు కర్ర వాడారంటారు. అమ్మాయిల ఆటలో పిచ్చర్ 43 అడుగుల దూరం నుంచి చెయ్యి కింద నుంచి తిప్పి బంతి విసురుతుంది. బంతి నేలకి తగలకుండా బ్యాటర్ దగ్గరకొస్తుంది. బ్యాటర్ ముందు నేల మీద ఐదు మూలల తెల్ల పలక వుంటుంది. అదే హోమ్ ప్లేట్. దాని వెడల్పు 17 అంగుళాలు. బంతి ఆ పలక మీదుగా, బ్యాటర్ చంకలకీ మోకాళ్ళకీ మధ్య ఎత్తులో పోతే స్ట్రైక్. అట్లా పోకుండా, బ్యాటర్ కూడా బ్యాట్ ఊపకపోతే బాల్. మూడు స్ట్రైకులకి ఔట్. నాలుగు బాల్స్‌కి బ్యాటర్ ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోవచ్చు. ఈ స్ట్రైకయ్యే చోటునే స్ట్రైక్ జోన్ అంటారు.

ఈ జోన్‌కి గీతలుండవు. క్రికెట్లో వికెట్లు నిలబెట్టి వుంటాయి, క్రీజు సున్నంతో గీసి వుంటుంది. ఇక్కడ నేల మీద పలక ఒక్కటే. మిగతాదంతా గాల్లో వుండే పెట్టె. దాన్ని గీసేది అంపైర్ కన్ను. క్రికెట్లో ఎల్బీడబ్ల్యూ అప్పీలు అప్పుడప్పుడూ వస్తుంది. ఇక్కడ బ్యాటర్ వదిలేసిన ప్రతి బంతికీ తీర్పు చెప్పాలి. ఏడు ఇన్నింగ్స్‌లో వందకి పైగా తీర్పులు. ఒక్కోదానికీ అర సెకను టైం.

ఇంకో సంగతి. ఆ పెట్టె అందరికీ ఒకే సైజులో వుండదు. పొడుగు పిల్ల నిలబడితే పెద్దదవుతుంది, పొట్టి పిల్ల నిలబడితే చిన్నదవుతుంది. అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో ఈ 2026 సీజన్ నుంచి అంపైర్ తీర్పు మీద కెమెరాకి అప్పీలు చేసుకునే పద్ధతి పెట్టారు. ఆ కెమెరాకి ఇచ్చిన కొలత కూడా ఆటగాడి ఎత్తుని బట్టే వుంటుంది. పైగీత ఎత్తులో 53.5 శాతం దగ్గర, కిందిగీత 27 శాతం దగ్గర. పొట్టివాడికి పొడుగువాడి పెట్టె పెట్టి "అందరికీ ఒకటే రూల్, ఇదే మెరిట్" అని ఆ లీగ్‌లో ఎవరూ అనరు. కొలత మనిషిని బట్టి, రూలు అందరికీ. ఇది ఆటలో ఎవరికైనా అర్థమవుతుంది. రిజర్వేషన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం మన సహోద్యోగులకి అర్థం కాదు. అది ఇంకో వారం మాట్లాడుకుందాం.

మ్యాచ్ మొదలైంది. ఒక జట్టు పిచ్చర్ బొల్లాపల్లి వైపు తండా పిల్ల. సన్నగా, గాలికి పడిపోయేటట్టుంది గానీ చెయ్యి తిప్పిందంటే బంతి ఈల వేసుకుంటా వచ్చేది. ఆమె బంతి ప్లేట్ దగ్గరకొచ్చి కిందికి జారుతుంది. ప్లేట్ దాటేటప్పుడు మోకాలి దగ్గర వుంటది, క్యాచర్ చేతిలో పడేసరికి పాదాల దగ్గరుంటది. అనుభవం లేని అంపైర్ క్యాచర్ చెయ్యి చూసి "కింద పడింది, బాల్" అంటాడు. రూలు ప్రకారం చూడాల్సింది బంతి ప్లేట్ మీద ఎక్కడుందని. క్యాచర్‌గా ఆడినదాన్ని కాబట్టి నాకది తెలుసు. క్యాచర్లు గ్లవ్‌ని మెల్లగా లోపలికి లాగి బాల్‌ని స్ట్రైక్ లాగా చూపించడం కూడా తెలుసు. నేనూ చేసినదాన్నే.

మొదటి ఇన్నింగ్స్‌లో ఆ పిల్ల మోకాలి అంచున ఒక బంతి వేసింది. చెయ్యెత్తి "స్ట్రైక్" అన్నా. బ్యాటర్ నా వైపు చూసింది గానీ ఏమీ అనలేదు. రెండో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు పిచ్చర్ అదే ఎత్తులో వేసింది. అప్పుడూ స్ట్రైకే అన్నా. మూడో ఇన్నింగ్స్‌కల్లా రెండు జట్లకీ అర్థమైపోయింది, ఈ మేడం కిందిగీత మోకాలి అంచు దాకా ఇస్తదని. బ్యాటర్లు ఆ బంతుల్ని వదలడం మానేశారు. పిచ్చర్లు అక్కడే వేయడం మొదలుపెట్టారు. ఎవరికీ కోపం లేదు. అంపైర్ నుంచి ఆటగాళ్ళు అడిగేది ఇదే: నీ గీత ఎక్కడో చూపించు, తర్వాత దాన్ని కదిలించొద్దు.

ప్లేట్ వెనక నిలబడి వుంటే మా అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అమ్మ పత్తి తీతకి పోయేది. కిలోకింతని కూలి. సాయంత్రం చేను గట్టు మీద మేస్త్రీ చెట్టు కొమ్మకి కాటా కట్టి మూటలు తూచేవాడు. మా పేట ఆడోళ్ళ మూటలు తూచేటప్పుడు ముల్లు పూర్తిగా ఆగకముందే అంకె చెప్పేవాడు. తన వైపు వాళ్ళ మూటలకి మాత్రం ముల్లు ఆగేదాకా ఓపికగా చూసేవాడు. కాటా ఒకటే, మనిషీ ఒకడే. చూసే తీరు రెండు రకాలు. మా అమ్మకి చదువు రాదు. ఇంటికొచ్చి చేతుల్లో ముళ్ళు తీసుకుంటా అనేది: "తక్కువ తూసుకుంటే తూసుకోనియ్. అందరికీ ఒకే తక్కువ తూయమను. నాకొక్కదానికి తక్కువైతేనే కడుపు మండుద్ది."

ఆ మాట నాకు చానా ఏళ్ళు వేదవాక్కు. సగమే నిజమని తర్వాత తెలిసింది. అక్కడికి మళ్ళీ వస్తా.

ఏడో ఇన్నింగ్స్, ఆఖరిది. స్కోరు 5-5. రెండో జట్టు బ్యాటింగ్. ఇద్దరు ఔట్. మూడో బేస్ మీద ఒక పిల్ల పరిగెత్తడానికి సిద్ధంగా వుంది. ఇంకొక్క ఔట్ అయితే ఇన్నింగ్స్ అయిపోయి ఆట పొడిగిస్తారు. ఒక్క దెబ్బ తగిలితే మ్యాచ్ అయిపోద్ది. పిచ్చర్ మా తండా పిల్ల. బ్యాటింగ్‌కి వచ్చింది మా పేట పిల్ల.

మా పేట పిల్ల అంటే నిజంగా మా పేటే. వాళ్ళమ్మ, మా అమ్మ ఒకే చేలో పత్తి తీశారు. ఆ పిల్ల కాలేజీలో నన్ను మేడం అంటది, పేటలో అక్కా అంటది. ఆటల కోటాలో పీజీ సీటు వస్తదని ఆశ పెట్టుకుంది. జట్టులో వుంటే సర్టిఫికెట్, సర్టిఫికెట్ వుంటే సీటు. ఇదంతా నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది.

మొదటి బంతి ఊపింది, తగల్లేదు. స్ట్రైక్. రెండోది ఫౌల్ పోయింది. రెండు స్ట్రైకులు, ఒక్క బాల్ కూడా లేదు. బ్యాట్ సర్దుకుంటా నా వైపు తిరగకుండానే చిన్నగా "అక్కా" అంది. ఏమీ అడగలేదు. భయమేస్తే అమ్మా అంటామే, అట్లా అంది.

మూడో బంతి వచ్చింది. మోకాలి అంచున, ప్లేట్ మీదుగా. పొద్దుటి నుంచి రెండు జట్లకీ స్ట్రైక్ ఇచ్చిన చోటే. ఆ పిల్ల కదల్లేదు.

నా చెయ్యి లేవలేదు. "బాల్" అన్నా.

పిచ్చర్ నా వైపు చూసింది. అరవలేదు, చేతులూపలేదు. ఒక్క క్షణం చూసి, బంతి అందుకుని, నడుచుకుంటా తన చోటుకి పోయింది. తర్వాతి బంతిని మా పిల్ల ఇద్దరి మధ్య సందులోకి కొట్టింది. మూడో బేస్ మీది పిల్ల పరిగెత్తుకొచ్చింది. మ్యాచ్ అయిపోయింది. అందరూ కేకలు. మా పిల్ల ఏడుస్తా నవ్వుతోంది. నేను మాస్క్ తీయకుండా నిలబడ్డా.

సాయంత్రం జాబితా పెట్టారు. మా పేట పిల్ల పేరుంది. తండా పిల్ల పేరు కింద స్టాండ్‌బైలో వుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల చూపు నాకు కొత్త కాదు. అది నా చూపే. చాలా ఏళ్ళ కిందట ఒక ఇంటర్వ్యూ బోర్డు ముందు నేను చూసిన చూపు. నాకంటే ముందు లోపలికి పోయిన అబ్బాయి నవ్వుకుంటా బయటికొచ్చాడు. ప్రబంధ లక్షణాలు అడిగారట, తన పరిశోధన గురించి చెప్పమన్నారట. నేను పోయాక మొదటి ప్రశ్న "ఏ వూరు?" రెండో ప్రశ్న "వూళ్ళో ఎక్కడ?" ఆ తర్వాత ఛందస్సులో ఒక మారుమూల సంగతి అడిగారు. చెప్పా. ఇంకొకటి అడిగారు. అదీ చెప్పా. నేను చెప్పేకొద్దీ ప్రశ్న ఇంకా దూరం జరిగింది. ఎక్కడ వేసినా బాల్ అనే అంపైర్ ముందు ఎంతసేపు విసురుతాం? వాళ్ళు నన్ను తిట్టలేదు, కులం పేరెత్తలేదు. గీత జరిపారు, అంతే.

మనకి తెలిసిన వివక్షలో సగం ఇట్లాగే జరుగుద్ది. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2007లో థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక చదవండి. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో తమకి న్యాయం జరగట్లేదని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఆ కమిటీకి చెప్పుకున్నారు. రాసే పరీక్షలో కాగితం మిగులుద్ది. వైవాలో ఏం మిగులుద్ది? అడిగినోళ్ళ మాట.

అంపైర్ల మీద కూడా ఇట్లాంటి లెక్కలు తీశారు. 2011లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో నలుగురు ఆర్థికవేత్తల పరిశోధన వచ్చింది. 2004 నుంచి 2008 దాకా బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో వేసిన లక్షల బంతులు తీసుకుని చూశారు. అంపైర్‌దీ పిచ్చర్‌దీ ఒకే జాతి అయితే స్ట్రైక్ ఇచ్చే అవకాశం కొంచెం పెరుగుతోందని తేలింది. తేడా చిన్నదే. అయితే ఆ తేడా ఎక్కడ తగ్గిపోయిందో చూడండి. అంపైర్ల తీర్పుల్ని కెమెరాతో సరిచూసే గ్రౌండ్లలో, జనం ఎక్కువున్న మ్యాచ్‌ల్లో, ఆట మలుపు తిప్పే బంతుల దగ్గర. అంటే నలుగురూ చూస్తున్నప్పుడు. చూసేవాళ్ళు లేనప్పుడు, పెద్దగా లెక్కలేని బంతుల దగ్గర తేడా బయటపడింది.

బాస్కెట్‌బాల్‌లోనూ అంతే. ఎన్‌బీఏ రిఫరీలు తమ జాతి కాని ఆటగాళ్ళకి ఎక్కువ ఫౌల్స్ ఇస్తున్నారని ఇద్దరు పరిశోధకులు లెక్కతీశారు. 2007లో అది పత్రికల్లోకెక్కి గోల గోల అయింది. ఆ తర్వాతి ఏళ్ళు కూడా లెక్క తీస్తే ఆ తేడా కనపడకుండా పోయింది. రిఫరీల గుండెలేం మారలేదు. తమని చూస్తున్నారని తెలిసింది.

ఇక నా తప్పుకి దగ్గర లెక్క ఒకటుంది. బేస్‌బాల్ కెమెరా లెక్కలు చూసినవాళ్ళు చెప్పేదేంటంటే, బ్యాటర్‌కి రెండు స్ట్రైకులు పడి ఒక్క బాల్ కూడా లేనప్పుడు అంపైర్ల జోన్ ముడుచుకుపోతుంది. మూడు బాల్స్ పడి ఒక్క స్ట్రైక్ కూడా లేనప్పుడు జోన్ విచ్చుకుంటుంది. అంటే ఓడిపోయేటట్టున్నవాడి మీద అంపైర్‌కి తెలియకుండానే జాలి పుడుతుంది. నా ముందు సరిగ్గా రెండు స్ట్రైకులు, సున్నా బాల్స్. దాని మీద "అక్కా" అనే పిలుపు.

ఈ సంగతి చెప్తే నా ఉద్యమ మిత్రుడొకాయన నవ్వాడు. "ఏందక్కా, వాళ్ళు వెయ్యేళ్ళుగా గీత జరుపుకుంటుంటే లేదు గానీ, నువ్వు ఒక్కసారి మన పిల్లకి జరిపితే కొంప మునిగిందా?" అన్నాడు. ఈ మాట అనేవాళ్ళు మనలో చాలామంది వున్నారు. నేనూ లోపల అనుకున్నా. అందుకే జవాబు చెప్పాలి.

నేను గీత జరిపితే నష్టపోయింది ఆ ఇంటర్వ్యూ బోర్డువాళ్ళు కాదు. తండా పిల్ల. ఆ పిల్లకి షామియానా కింద ఎవరూ లేరు, ప్లేట్ వెనక ఏ అక్కా లేదు. దయ అనేది నాకు తెలిసిన మొహానికే పోయింది. తెలిసిన మొహానికి దయ చూపించడమే గదా వాళ్ళు తరతరాలుగా చేస్తోంది! వాళ్ళ అబ్బాయి నవ్వుకుంటా బయటికొచ్చిందీ అందుకే. వాళ్ళలో చాలామంది మనల్ని ద్వేషించి చేయరు, తమవాళ్ళని ప్రేమించి చేస్తారు. ప్రేమతో జరిపినా గీత జరిగినట్టే. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. రిజర్వేషన్ చీకట్లో జరిపిన గీత కాదు. రాజ్యాంగంలో రాసి, అందరికీ చెప్పి పెట్టిన రూలు. నేను చేసింది అది కాదు. రాసిన రూలుని పక్కనబెట్టి నా ఇష్టం చెల్లించుకున్నా.

మన పల్నాటి కథే చూడండి. పన్నెండో శతాబ్దం నాటి కథ. బ్రహ్మనాయుడి కోడికీ నాగమ్మ కోడికీ పందెం. ఓడినవాళ్ళు ఏడేళ్ళు ఊరొదిలి పోవాలి. నాగమ్మ మోసంతో గెలిచిందని ఒక పక్షం. ఇప్పటికీ కారెంపూడిలో ఏటా కార్తీకమాసం వీరుల ఉత్సవాల్లో కోడిపోరు చేస్తారు. అంతకు ముందురోజు మందపోరు నాడు అన్ని కులాలూ కలిసి చాపకూడు తింటారు. మన కన్నమదాసుని తలుచుకుంటారు. చాపకూడు మనకి గొప్పే. అయితే ఆ కథ పాఠం చెప్పేటప్పుడు ఒక ప్రశ్న నన్ను వదలదు: ఆ పోరుకి తీర్పరి ఎవరు? రెండు పక్షాలూ నమ్మే తీర్పరి లేనప్పుడు కోడి గెలిచినా గెలుపు కాదు, ఓడినా ఓటమి కాదు. ఆ పందెం చివరికి యుద్ధం దాకా పోయింది.

క్రికెట్ ఈ పాఠం కష్టపడి నేర్చుకుంది. సొంతగడ్డ అంపైర్ల మీద గొడవలు పెరిగి, 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి మన దేశం నుంచి ఇద్దరు అంపైర్లని పిలిపించుకున్నారు. తర్వాత తటస్థ అంపైర్లు మామూలయ్యారు, రివ్యూలు వచ్చాయి. 2019లో మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి ఐసీసీ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో మొదటి మహిళ అయింది. తీర్పు చెప్పే కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది చిన్న విషయం కాదు. అయితే మనవాళ్ళు కూర్చుంటే చాలని కూడా కాదు. ఆ రోజు ప్లేట్ వెనక వున్నది దళిత మహిళే. గీత జరిగింది.

ఇప్పుడు మా అమ్మ మాటకొస్తా. అందరికీ ఒకే తక్కువ అయితే చాలా? ఆ మేస్త్రీ తర్వాత ఇంకొకడు వచ్చాడు. ఇతను చాలా నిక్కచ్చి. ఎవరి మూటైనా సరే, తేమ పేరు చెప్పి ఒక కిలో తరుగు తీసేవాడు. మా పేటోళ్ళకీ అంతే, తన వైపు వాళ్ళకీ అంతే. ఎవరికీ గొడవ లేదు. "ఈయన న్యాయం తెలిసినోడు" అన్నది మా అమ్మే. ఆ తరుగు కిలోలన్నీ ఎవరి ఇంటికి పోయినై? చేను ఆసామి ఇంటికి. కూలోళ్ళ మధ్య తేడా లేదు గానీ, కూలోళ్ళకీ ఆసామికీ మధ్య కాటా ఎప్పుడూ ఒక పక్కకే వొంగి వుంది.

ఆటలోనూ అంతే. అంపైర్ పెట్టెని పెద్దది చేసి రెండు జట్లకీ ఒకేలా ఇస్తే జట్ల మధ్య అన్యాయం లేనట్టే వుంటుంది. కానీ రెండు జట్ల పిచ్చర్లకీ లాభం, రెండు జట్ల బ్యాటర్లకీ నష్టం. కాబట్టి ప్రశ్నలు రెండు. ఒకటి, గీత అందరికీ ఒకటేనా? రెండు, ఆ గీత రూలు పుస్తకంలో రాసిన చోటే వుందా? మొదటిదానికి అవునంటే సరిపోదు. ఇంగ్లీషు రానివాళ్ళందరికీ ఒకేలా మార్కులు తగ్గించే ఎగ్జామినర్ కూడా చాలా నిలకడైన మనిషే. చెప్పే విషయాన్ని వదిలి ఉచ్చారణకి మార్కులేసేవాడు క్యాచర్ గ్లవ్ చూసి తీర్పు చెప్పే అంపైరే.

రెండు రోజుల తర్వాత పీడీ సార్ దగ్గరకి పోయి చెప్పా. "మేడం, ఒక్క బంతికి ఎవరి సెలక్షనూ ఆగదులెండి. మనసులో పెట్టుకోమాకండి" అన్నారు. నేను కాగితం మీద రాసి ఎంపిక చేసినవాళ్ళకి ఇమ్మని ఇచ్చా. ఏ ఇన్నింగ్స్, ఎన్నో బంతి, నేనేం చెప్పా, ఏం చెప్పాల్సింది. జాబితా మారలేదు. ఆ కాగితం ఫైల్లో పెట్టారో లేదో తెలియదు.

ఆ పిల్లకి నేరుగా చెప్పాలనిపించింది. వాళ్ళ కాలేజీకి పోయా. గ్రౌండ్ పక్కన వేపచెట్టు కింద బూట్ల లేసులు కట్టుకుంటోంది. లేచి నిలబడింది.

"అమ్మాయ్, ఆ బంతి స్ట్రైకే" అన్నా.

"తెలుసు మేడం" అంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్లే అంది: "మొదటి ఇన్నింగ్స్‌లో అక్కడ వేస్తే స్ట్రైక్ ఇచ్చారు గదా మేడం. పొద్దుటి నుంచి ఇస్తానే వున్నారు. అందుకే మళ్ళీ అక్కడే వేశా."

అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. ఆ పిల్ల నా గీతని నమ్మి ఆడింది. ఆఖరి బంతికి ఇంకేదో వేయగలదు. వేయలేదు. అంపైర్ మాట మీద నిలబడతదనుకుంది. బడికి పోతే బాగుపడతామని, పరీక్ష రాస్తే మార్కులొస్తాయని, చట్టం రాసి వుంది గదా అని మనవాళ్ళు నమ్మినట్టే నమ్మింది. రాసిన చోటే బంతి వేశాక గీత జరిగితే, తర్వాత ఏ గీతనీ నమ్మబుద్ధి కాదు.

2010లో అమెరికాలో జిమ్ జాయిస్ అనే అంపైర్ ఆఖరి ఔట్ దగ్గర తప్పు తీర్పు ఇచ్చాడు. దాంతో అర్మాండో గలర్రాగా అనే పిచ్చర్‌కి చేతికందిన పర్ఫెక్ట్ గేమ్ పోయింది. జాయిస్ రీప్లే చూసుకుని తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. మర్నాడు మ్యాచ్‌కి ముందు ఆ పిచ్చరే వచ్చి అతనికి జట్టు కాగితం అందించాడు. రికార్డు మాత్రం మారలేదు. ఒప్పుకుంటే పోయింది తిరిగి రాదు. నాకూ అంతే. అయినా ఒప్పుకున్న అంపైర్‌ని నేను చూశా గానీ, "ఆ రోజు నీకు అన్యాయం చేశాం" అన్న వైవా బోర్డుని ఇంతవరకు చూడలేదు.

ఇక ఇంటర్నల్స్. ఈ సెమిస్టర్ నుంచి నా సబ్జెక్టులో నేను చేస్తున్నది ఇది. దేనికి ఎన్ని మార్కులో దిద్దకముందే బోర్డు మీద రాస్తున్నా. సమాధానం పేజీ మీద పేరు వద్దు, నంబరు చాలు. మొత్తం దిద్దాక మొదటి ఐదు పేపర్లూ మళ్ళీ దిద్దుతున్నా, నా గీత మధ్యలో ఎంత జరిగిందో తెలుసుకోడానికి. జరుగుతోంది. మొదటిసారి చూసుకుని సిగ్గుపడ్డా. వైవా అయితే ప్రతి విద్యార్థినీ అడిగిన ప్రశ్నలు రాసి పెడుతున్నా. మార్కులు వేశాక పేపర్లు మీ చేతికిస్తా. ఎక్కడ తగ్గిందో అడగండి. పైన చెప్పిన కెమెరా అప్పీలు పద్ధతిలో అడిగే హక్కు కోచ్‌కి లేదు. పిచ్చర్, క్యాచర్, బ్యాటర్‌కే వుంది. తల మీద చేత్తో తట్టుకుంటే చాలు. నా క్లాసులో కూడా మీరు తల తట్టుకోవచ్చు. మా పేట పిల్లలైనా సరే, తండా పిల్లలైనా సరే, ఊళ్ళో పిల్లలైనా సరే.

విద్యార్థి సంఘాల మిత్రులకి ఒక మాట. ఫలితాలొచ్చాక ధర్నా చేయడం మనకి బాగా అలవాటైంది. మ్యాచ్ మొదలవకముందే గీత ఎక్కడో అడుగుదాం. వైవాకి ఎన్ని మార్కులు, దేనికి ఎన్ని, ప్రశ్నలు ఎక్కడ రాసి పెడతారు, ఎవరు చూస్తారు, ఎవరికి అప్పీలు. ప్రిన్సిపాల్ మంచివాడా, హెచ్ఓడీ మనవాడా అనే లెక్కలు తర్వాత. మంచితనాన్ని నమ్ముకుంటే ఏమవుద్దో ఆ రోజు ప్లేట్ వెనక నిలబడి చూశా. నేనూ మంచిదాన్నే అనుకునేదాన్ని.

మా పేట పిల్లకి కూడా సంగతి చెప్పా. మొహం చిన్నబుచ్చుకుంది. కాసేపాగి, "నేను తర్వాతి బంతి కొట్టింది నిజమే గదా అక్కా?" అంది. నిజమేనే తల్లీ, అది నీ దెబ్బే అన్నా. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ కింది బంతినే ప్రాక్టీస్ చేస్తోంది.

వచ్చే నెల జిల్లాలో ఇంకో మ్యాచ్ వుంది. పీడీ సార్ మళ్ళీ అడిగారు. మా పిల్ల ఆడే మ్యాచ్‌కి నిలబడనన్నా. వేరే మ్యాచ్ అయితే వస్తా. పెన్సిల్, కాగితం తెచ్చుకుంటా.

జై భీమ్.